కిస్తీ కట్టలేని నెల: డ్వాక్రా సంఘం ఎంతవరకు ఆసరా?

క్లుప్తంగా: తెలుగు రాష్ట్రాల్లో అప్పుల్లో చిక్కుకున్న పేద కుటుంబానికి గడపకు అతి దగ్గరగా ఉన్న ఆసరా మహిళా పొదుపు సంఘం. తక్కువ వడ్డీ దాని బలంలో సగమే. సభ్యురాలి ఇంటి సంగతి తెలిసి వాయిదాను సర్దగలగడం మిగతా సగం. బ్యాంకు రుణాలు పెద్దవయ్యేకొద్దీ ఈ రెండో సగం బలహీనపడింది. పేదలకు తాకట్టు లేకుండా చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థలకు మళ్లీ దారి తెరుచుకున్న ఈ సమయంలో ఆ లోటు ఎలా ఏర్పడిందో, ఇతర రాష్ట్రాలు ఏం చేశాయో చూద్దాం.

అప్పు లేని ఇల్లు అరుదు

వ్యవసాయ కుటుంబాల స్థితిగతులపై 2019లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద ఇది 50.2 శాతం. ఒక్కో కుటుంబం తలపై సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు రూ.2.45 లక్షలు, తెలంగాణలో రూ.1.52 లక్షలు. దేశ సగటు రూ.74,121.

ఈ అంకెలు చూసి తెలుగు ఊళ్లు దేశంలోకెల్లా పేదవని అనుకోవడం పొరపాటు. ఇక్కడ బ్యాంకు శాఖలు, సహకార సంఘాలు, పొదుపు సంఘాలు ఊరూరా పాతుకుపోయి ఉన్నాయి. అప్పు పుట్టని చోట అప్పుల లెక్క కూడా తక్కువగానే తేలుతుంది. అందుకే ఒక కుటుంబం కష్టాన్ని అప్పు మొత్తాన్ని బట్టి కొలవలేం. ఆసుపత్రి ఖర్చో, ఎండిన బోరో, ఆగిపోయిన కూలిపనో వచ్చి ఒక నెల కిస్తీ తప్పినప్పుడు ఆ ఇంటికి ఏం జరుగుతుందో చూడాలి. కొందరికి అది ఒక్క నెల ఇబ్బందితో పోతుంది. మరికొందరు ఆ ఒక్క నెల గడవడానికి ఐదు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి, ఏళ్ల తరబడి దాన్ని మోస్తారు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఏ సాయం దేనికి పనికొస్తుందో తెలుస్తుంది.

వడ్డీ ఎక్కడ దాక్కుంటుంది

మన ఊళ్లలో వడ్డీని రూపాయల్లో చెబుతారు. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు ఒక రూపాయి, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం, ఐదంటే 60. చెవికి చిన్నగా వినిపించే ఈ సంఖ్యల వెనక మరో లెక్క ఉంటుంది.

పది వేలు రూపాయి వడ్డీకి తీసుకుని, ఏడాది పాటు నెలనెలా అసలులో కొంత కడుతూ వచ్చారనుకుందాం. మిగిలిన అసలు మీదే వడ్డీ వేస్తే ఏడాది మొత్తానికి కట్టే వడ్డీ దాదాపు రూ.660. అలా కాకుండా మొదటి రోజునే పది వేల మీద ఏడాది వడ్డీ రూ.1,200 కలిపి, రూ.11,200ను పన్నెండు వాయిదాలు చేస్తే అసలు వడ్డీ రేటు 21 శాతం దాటుతుంది. రెండు చోట్లా నోటితో చెప్పింది రూపాయి వడ్డీయే.

కూరగాయల బండ్లు, టిఫిన్ బండ్లు నడిపేవారికి బాగా తెలిసిన రోజువారీ ఫైనాన్స్ లెక్క మరీ కఠినం. పది వేలు రాసుకుని, ముందుగానే పదిహేను వందలు పట్టుకుని, చేతిలో రూ.8,500 పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. మొత్తం మీద పోయింది పదిహేను వందలే కదా అనిపిస్తుంది. కానీ రోజూ అసలు తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి లెక్కగడితే ఇది నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి సుమారు 120 శాతం.

ఇంత వడ్డీ అని తెలిసి కూడా వెళ్లేవారు చాలామంది. వాళ్లకు లెక్క రాక కాదు. తెల్లవారుజామున మార్కెట్‌లో సరుకు కొనాలంటే డబ్బు ఆ రాత్రే చేతికి రావాలి. ఫైనాన్స్ వ్యాపారి కాగితాలు అడగడు, రేపు రమ్మనడు. పేదలకు సాయం చేయాలనుకునే ఏ వ్యవస్థ అయినా చౌకగా ఉండటంతో పాటు ఈ వేగానికి దీటుగా నిలవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సంఘాల మహిళలకు అప్పులిచ్చేందుకు స్త్రీనిధి పరపతి సహకార సమాఖ్యను ఏర్పాటు చేసినప్పుడు 48 గంటల్లో రుణం అందించడాన్ని లక్ష్యంగా పెట్టుకోవడానికి కారణం ఇదే.

అరుగు మీద జరిగే పని

సంఘం సమావేశం చూసేవారికి చాలా మామూలుగా కనిపిస్తుంది. పది పన్నెండు మంది మహిళలు ఒకరి ఇంటి అరుగు మీదనో, బడి వరండాలోనో చాప పరుచుకుని కూర్చుంటారు. పేరు పిలవగానే ఒక్కొక్కరు పొదుపు డబ్బు లెక్కపెట్టి ఇస్తారు. పుస్తకంలో రాసి, పాసు పుస్తకాలు తిరిగి ఇస్తారు. ఆ తర్వాత ఎవరికి అప్పు కావాలన్న మాట వస్తుంది. ఒకామె కూతురి కాన్పుకు ఐదు వేలు అడుగుతుంది. ఆ కాన్పు ఏ నెలలో ఉందో, అల్లుడి పని ఎలా ఉందో పక్కన కూర్చున్నవారికి ముందే తెలుసు. కూలి డబ్బులు ఎప్పుడొస్తాయో, వాయిదా ఏ నెల నుంచి మొదలుపెడితే ఆమె కట్టగలదో వాళ్లే చెబుతారు. తీర్మానం రాస్తారు. సంతకం వచ్చినవారు సంతకం, రానివారు వేలిముద్ర.

బ్యాంకు ఈ వివరాలన్నీ సేకరించాలంటే మనిషిని పంపాలి, రోజులు పడతాయి, ఐదు వేల అప్పుకు ఆ ఖర్చు గిట్టదు. చిన్న అప్పులు బ్యాంకులో దొరక్కపోవడానికి అసలు కారణం ఇది. సంఘంలో ఆ సమాచారం పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. పైగా సభ్యులు కట్టే వడ్డీ మళ్లీ సంఘం నిధిలోకే చేరుతుంది. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, సరైన పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాల వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే: ఒకరి సంగతి ఒకరికి తెలుస్తూ ఉండాలి.

డ్వాక్రా 1982-83లో కేంద్ర పథకంగా మొదలైనా, తెలుగునాట దానికి ప్రాణం పోసింది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట నుంచి ఎగసిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత అక్కడి మహిళలు రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. అదే ఏడాది జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు దేశవ్యాప్తంగా 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం చేపట్టింది. 2000లో ఏర్పాటైన పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, ‘వెలుగు’ ప్రాజెక్టు ద్వారా సంఘాలను గ్రామ సంఘాలుగా, మండల సమాఖ్యలుగా అల్లింది. పట్టణాల్లో ఆ పనికి 2007లో మెప్మా అనే సంస్థ వచ్చింది. ఈ రోజు రెండు రాష్ట్రాల్లో కలిపి కోటి మందికి పైగా మహిళలు ఈ అల్లికలో ఉన్నారు.

ఈ అల్లిక అప్పుతోనే ఆగలేదన్నది చాలామందికి గుర్తుండదు. గ్రామ సంఘాలు బియ్యం టోకున కొని సభ్యులకు అరువు మీద ఇచ్చేవి. పనుల్లేని నెలల్లో ఇంట్లో గింజలుంటే వడ్డీ వ్యాపారి గడప తొక్కే అవసరం ఉండదు. సభ్యురాలి ఇంట్లో మరణం సంభవిస్తే సంఘాల తరఫున బీమా పని చూసే బీమా మిత్రలు వెంటనే వచ్చి అంత్యక్రియల ఖర్చుకు కొంత సొమ్ము అందించి, మిగతా బీమా కాగితాల పని తామే చూసేవారు. చావు ఇంట ఆ రోజున చేతికందే సొమ్ము విలువ, ఆరు నెలల తర్వాత వచ్చే చెక్కు కన్నా ఎక్కువ. అప్పు పుట్టే మూలాన్నే ముందుగా పూడ్చిన ఇలాంటి సేవలు సంఘాల చరిత్రలో అన్నిటికన్నా విలువైనవి. తర్వాతి కాలంలో చర్చంతా రుణ లక్ష్యాల చుట్టూ తిరగడంతో అవి వెనకబడ్డాయి.

2010లో తెగిపోయింది ఏమిటి

సంఘాలు ఏళ్ల తరబడి కష్టపడి కట్టిన నమ్మకాన్ని సూక్ష్మరుణ సంస్థలు సిద్ధంగా దొరికిన పునాదిలా వాడుకున్నాయి. పొదుపు అలవాటైన మహిళలనే కొత్త గ్రూపులుగా కూర్చి, వారం వారం కిస్తీతో అప్పులిచ్చాయి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి: మహిళలు, గ్రూపు, ఉమ్మడి బాధ్యత. లోపల తేడా పెద్దది. సంఘంలో వాయిదా మార్చే అధికారం సభ్యులది. సూక్ష్మరుణ గ్రూపులో వాయిదాను సంస్థ నిర్ణయిస్తుంది, వసూలుకు వచ్చిన ఉద్యోగికి మార్చే అధికారం ఉండదు. ఒకరు కట్టలేకపోతే మిగిలినవారు అక్కడికక్కడే వేసుకోవాలి, అంతదాకా సమావేశం ముగియదు. ఇరుగుపొరుగు మధ్య ఉన్న చనువు ఇక్కడ వసూలు సాధనంగా మారింది.

2006 మార్చిలోనే కృష్ణా జిల్లా అధికారులు దాదాపు 50 శాఖలను మూయించినా, హెచ్చరికను ఎక్కువమంది పట్టించుకోలేదు. 2010 నాటికి ఒకే ఇంట్లో మూడు నాలుగు సంస్థల అప్పులు సాధారణమయ్యాయి. ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. సంస్థలు జిల్లాలో నమోదు చేసుకోవాలి, వారం కిస్తీలు నెలసరి కావాలి, వసూలు ఇళ్ల వద్ద కాకుండా పంచాయతీ కార్యాలయం వంటి చోట జరగాలి, వడ్డీ అసలును మించకూడదు అన్నవి అందులోని ముఖ్యాంశాలు.

వేధింపులు ఆగాయి, దానితో పాటు వసూళ్లూ కుప్పకూలాయి, కొత్త అప్పులు నిలిచిపోయాయి. సంఘంలో అవసరానికి తగినంత దొరకని కుటుంబాలు మళ్లీ ఊరి వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళ్లాయి. ఆర్డినెన్స్ అవసరం లేదని దీని అర్థం కాదు. అప్పుల ఒత్తిడిని ఆపడం ఒక పని, ఆ అప్పు తీర్చిన అవసరానికి ప్రత్యామ్నాయం చూపడం మరొక పని. మొదటిది ఒక్క రాత్రిలో జరిగింది. రెండోది నేటికీ పూర్తి కాలేదు.

రాయితీ ఎవరికి అందుతుంది

సంఘాల రుణాలు ఈ పదిహేనేళ్లలో బాగా పెరిగాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం పది లక్షల వరకు సంఘానికి ఏ తాకట్టూ లేకుండా రుణం ఇవ్వాలి. సంఘం పొదుపు ఖాతాను బ్యాంకు పూచీగా పట్టి ఉంచుకోకూడదు. ఈ రెండో నిబంధన తెలిసిన సభ్యులు తక్కువ. ఒకరి బకాయికి ఖాతా మొత్తాన్ని ఆపితే ప్రశ్నించే హక్కు సంఘానికి ఉంది.

అయితే రుణం పెద్దదయ్యేకొద్దీ పంచుకునే పద్ధతి మారిపోయింది. అంతర్గత అప్పు అవసరాన్ని బట్టి ఇచ్చేది. బ్యాంకు సంఘానికి ఇచ్చే లింకేజీ రుణం చాలా చోట్ల సమానంగా పంచుకునేది. పది లక్షలు వస్తే పది మందికీ తలా లక్ష. అవసరం లేనివారు దాన్ని బంధువులకో, ఎక్కువ వడ్డీకి బయటివారికో ఇస్తారు. నిజంగా రెండు లక్షలు కావలసినామె మిగతా లక్షకు బయట వెతుక్కుంటుంది. సమానత్వం పేరుతో జరిగే ఈ పంపకంలో అందరికన్నా నష్టపోయేది అవసరం ఎక్కువున్న ఇల్లే.

వడ్డీ రాయితీలో మరో చిక్కు ఉంది. 2004లో వచ్చిన పావలా వడ్డీ, ఆ తర్వాతి సున్నా వడ్డీ పథకాలు సకాలంలో కట్టిన సంఘాలకు వర్తించేలా రూపొందాయి. క్రమశిక్షణను ప్రోత్సహించడానికి ఇది మంచి ఏర్పాటే. కానీ దాని మరో ఫలితం చూడాలి: ఆసుపత్రి పాలై కిస్తీ తప్పిన కుటుంబం, సాయం ఎక్కువ కావలసిన ఆ నెలలోనే రాయితీని పోగొట్టుకునే ప్రమాదంలో పడుతుంది. ఆ ఇంటి సభ్యురాలి వల్ల రాయితీ పోతుందన్న భయంతో తోటి సభ్యుల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి తట్టుకోలేక ఆమె రోజువారీ ఫైనాన్స్ తెచ్చి బ్యాంకు కిస్తీ కడుతుంది. సంఘం పుస్తకంలో చెల్లింపు సక్రమంగా ఉంటుంది, ఇంట్లో అప్పు మాత్రం తక్కువ బ్యాంకు వడ్డీ నుంచి నూట ఇరవై శాతానికి మారుతుంది. నూటికి నూరు శాతం వసూళ్ల వెనక ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఏ నివేదికా చెప్పదు.

రుణమాఫీది ఇంకో దారి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఏప్రిల్ 11 నాటి సంఘాల బకాయిలను 2020 నుంచి నాలుగు విడతల్లో ‘వైఎస్సార్ ఆసరా’ పేరుతో చెల్లించారు. లక్షల కుటుంబాలకు అది నిజమైన ఊరట. బకాయి ఎంత ఉంటే లబ్ధి అంత కాబట్టి, పెద్ద అప్పు తీసుకోగలిగినవారికి ఎక్కువ, అప్పటికే కష్టపడి కట్టేసినవారికి తక్కువ, సంఘంలోనే లేని నిరుపేదకు ఏమీ లేదు.

పొదుపు చేయలేనివారి సంగతి

సంఘంలో చేరాలంటే నెలనెలా ఎంతో కొంత దాచగలగాలి. ఒంటరి వృద్ధురాలు, వలస వెళ్లే కుటుంబం, మంచాన పడిన మనిషి ఉన్న ఇల్లు ఈ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. ఉమ్మడి బాధ్యత ఉన్న చోట బలహీనులను చేర్చుకోవడానికి మిగతావారు జంకడం సహజం. ఇది మనుషుల తప్పు కాదు, ఏర్పాటులోనే ఉన్న గుణం.

కేరళ దీన్ని వేరేలా ఎదుర్కొంది. 1998లో అక్కడ మొదలైన కుటుంబశ్రీ పథకం సంఘాలను పంచాయతీలతో ముడిపెట్టింది. 2002 నుంచి ‘ఆశ్రయ’ కింద నిరాశ్రయ కుటుంబాలను ఇరుగుపొరుగు సంఘాలే గుర్తించి, తిండి, మందులు, ఇల్లు వంటి అవసరాలను పంచాయతీ ప్రణాళికలో పెట్టించాయి. ఇక్కడ సంఘం సమాచారం అప్పు వసూలుకు కాక, సాయం ఎవరికి చేరాలో చూపడానికి పనికొచ్చింది. బిహార్ 2018లో ‘సతత్ జీవికోపార్జన్ యోజన’ ద్వారా అత్యంత పేద కుటుంబాలకు, ముఖ్యంగా మద్యనిషేధంతో ఉపాధి పోయిన కుటుంబాలకు, ముందు అప్పు ఇవ్వకుండా మేకలో, చిన్న దుకాణపు సరుకో ఇచ్చి, కొన్ని నెలలు ఖర్చులకు సొమ్ము చూసింది. కాళ్లు నిలదొక్కుకున్నాకే బ్యాంకు మాట. ఈ పద్ధతికి మూలం బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో చేసిన ప్రయోగం. వెలుగు ప్రాజెక్టుకూ మొదట్లో నిరుపేదలను వెతికి పట్టే ఈ దృష్టి ఉండేదని గుర్తుచేసుకోవాలి.

సంఘం బయట ఉన్న తలుపులు

కొన్ని సేవలు ఉన్నాయన్న సంగతే చాలామందికి తెలియదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, ఫోన్ నంబరు 15100. ఖాళీ ప్రోనోటు మీద సంతకం చేసి ఇబ్బంది పడుతున్నవారు కేసు దాఖలు కాకముందే లోక్ అదాలత్‌లో రాజీ కోరవచ్చు. బ్యాంకు లేదా రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థపై ఫిర్యాదు పరిష్కారం కాకపోతే దాన్ని తేల్చడానికి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉంది, నంబరు 14448. సూక్ష్మరుణ వసూలు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదన్నది 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధన. ఫోన్‌లోని పరిచయాల జాబితాను రుణ యాప్‌లు తీసుకోకూడదు. తీసుకుని బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పాలి. మనసు కుంగిపోయినప్పుడు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. రోజు గడవడానికి రేషన్ బియ్యం, ఉపాధి హామీ పనులు, పింఛను, పట్టణాల్లో ఐదు రూపాయల భోజనం ఉన్నాయి. ఒక పూట తిండి ఖర్చు మిగిలినా ఆ మేరకు కొత్త అప్పు తగ్గుతుంది.

ఇవన్నీ వేర్వేరు కార్యాలయాల్లో, వేర్వేరు కాగితాలతో ఉన్నాయి. కష్టంలో ఉన్న మనిషికి వాటి మధ్య తిరిగే కూలి రోజులు ఉండవు.

ఇప్పుడు ఏం మారుతోంది

రిజర్వు బ్యాంకు 2022 మార్చి నిబంధనల ప్రకారం ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేది సూక్ష్మరుణం. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. అదే సమయంలో వడ్డీపై ఉన్న పాత పరిమితి తొలగింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు 2010 ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. దాంతో ఆ సంస్థలకు తెలుగు రాష్ట్రాల తలుపు మళ్లీ తెరుచుకుంది. పక్కనే కర్ణాటక 2025 ఫిబ్రవరిలో బలవంతపు వసూళ్లపై ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది.

ఆదాయంలో సగం అన్న పరిమితి మంచిదే. అయితే రుణ సంస్థకు కనిపించేది రుణ చరిత్రలో నమోదైన అప్పులే. ఊరి వ్యాపారి ప్రోనోటు, రోజువారీ ఫైనాన్స్, బంధువుల చేబదులు ఎక్కడా నమోదు కావు. ఇంటి మొత్తం అప్పు తెలిసే అవకాశం ఒక్క సంఘానికే ఉంది. లింకేజీ రుణానికి ముందు రాసే సూక్ష్మ రుణ ప్రణాళికలో కుటుంబ ఆదాయం, ఖర్చు, ఇప్పటికే ఉన్న అప్పులు రాయడానికి చోటు ఉంది కూడా. రుణం మంజూరు కోసం ఆ కాగితాన్ని హడావిడిగా నింపి బ్యాంకులో ఇస్తారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ తెరవరు.

కిస్తీ తప్పిన నెలలో గ్రామ సంఘం ఆ కాగితాన్ని మళ్లీ ముందు పెట్టుకుంటే పని ఎక్కడ మొదలుపెట్టాలో కనిపిస్తుంది. 120 శాతం వడ్డీ అప్పును స్త్రీనిధి రుణంతో ముందు తీర్చడం, ప్రోనోటు వివాదాన్ని 15100కు అప్పగించడం, బ్యాంకు వాయిదాను పంట చేతికొచ్చే నెలకు జరపమని సంఘం తీర్మానంతో అడగడం, ఆ మధ్య నెలలకు బియ్యం చూడటం. దీనికి కొత్త పథకం అక్కర్లేదు. గ్రామ సంఘం సహాయకురాలైన వీవోఏకు రుణ లక్ష్యాలతో పాటు ఈ పనికీ సమయం ఇచ్చి, అప్పుల చిట్టా రాయడంలో శిక్షణ ఇవ్వాలి. కిస్తీ ఆలస్యాన్ని సంఘమే తీర్మానించిన కుటుంబానికి వడ్డీ రాయితీ పోకుండా నిబంధనలో ఒక మినహాయింపు చేర్చాలి.